సీసా పాల ఆంబోతు

ఆంబోతు దగ్గరికి మనిషి వెళితే అది ఒక అడుగు వెనక్కి వేయాలి. వేయకపోతే ఆ దొడ్డిలో మనిషికి చోటు లేదు. పశువుల పనిలో నేను నేర్చుకున్న వాటిలో ముఖ్యమైనది ఇదే. మిగతాది పుస్తకాల్లో దొరుకుతుంది.

ఆ మార్చి నెలలో గౌరీశంకర్ రాంచ్‌లో మూడో ఆంబోతు అడుగు వెనక్కి వేయలేదు.

నేను డాక్టర్ని కాను. అద్దంకి దగ్గర మా ఊరి బడిలో పదో తరగతి దాకా చదివాను. తర్వాత పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్ పని నేర్చుకున్నాను. నా భార్య రాధారాణి నర్సు. ఆమె ఉద్యోగం మీద టెక్సాస్ వచ్చాం. ఆమె ఆసుపత్రిలో మనుషులను చూసింది. నేను హోల్ట్ అనే పశువుల డాక్టరమ్మ దగ్గర చేరి, ఇరవై నాలుగేళ్లు ఆమె ట్రక్కులో ఊళ్లు తిరిగాను.

వసంతంలో ఆవుల మందలోకి ఆంబోతులను వదిలే ముందు వాటికి పరీక్ష చేయిస్తారు. ఒక ఆంబోతు పాతిక ఆవులను చూసుకోవాలి. అది పనికిరానిదని ఆలస్యంగా తెలిస్తే ఆ ఏడాది దూడలు లేనట్టే. అందుకని గిట్టలు, కళ్లు, పళ్లు చూస్తాం. వృషణాల చుట్టుకొలత టేపుతో కొలుస్తాం. వీర్యం తీసి మైక్రోస్కోప్ కింద పెడతాం. కణాల కదలిక హోల్ట్ చూస్తుంది. రంగు వేసిన స్లైడ్ మీద వంద కణాలు లెక్కపెట్టి, ఎన్ని సరిగా ఉన్నాయో రాయడం నా పని. డెబ్బై ఉంటే పాస్. చివర హోల్ట్ సంతకం చేస్తుంది. ఆ ఫారంలో గిట్టలకు గడి ఉంది, కంటి పొరకు కూడా గడి ఉంది. పశువు బుద్ధికి లేదు.

గౌరీశంకర్ మత్తు డాక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఎదుట ఉంటే డాక్టర్ గారూ అంటాను. రాసేటప్పుడు గారు రాయబుద్ధి కాదు. ఇల్లు ఫ్రిస్కోలో. గంటన్నర ఉత్తరాన అరవై ఎకరాలు కొన్నాడు. పశువులుంటే ఆ భూమి మీద పన్ను తగ్గుతుంది. ఫ్రిస్కోలో మనవాళ్లు చాలామంది ఈ పనే చేశారు. కొందరు తేనెటీగలు పెట్టారు, కొందరు గడ్డి కోయిస్తారు. ఈయన మాంసపు పశువులను పెట్టాడు. ఇరవై మూడు ఆవులు, అవసరానికి మించి రెండు ఆంబోతులు. ఏటా అక్టోబరులో ట్రెయిలర్ వచ్చి దూడలను ఎక్కించుకుపోతుంది. ఎక్కడికి అని ఆయన భార్య ఉమామహేశ్వరి అడిగేది. వేరే ఫార్మ్‌కి అని ఈయన చెప్పేవాడు. ఆమె ఎమ్మెస్సీ చదివింది. నమ్మాలనుకుంది కాబట్టి నమ్మింది.

మూడేళ్ల కిందట ఒక బ్రాహ్మన్ జాతి ఆవు ఈనుతూ చచ్చిపోయింది. దూడ బతికింది. తెల్లటి దూడ, మూపురం ఉంది. మన ఒంగోలు దూడలాగే ఉందని ఉమామహేశ్వరి దాన్ని రాంచ్‌లోని ఫార్మ్‌హౌస్‌కి తెచ్చుకుని మూడు పూటలా సీసాతో పాలు పట్టింది. బసవ అని పేరు పెట్టింది. రెండో నెలలో విత్తులు తీయడానికి మనిషి వస్తే పసివాడిని హింసించొద్దని పంపేసింది. కొమ్ములు కూడా తీయనివ్వలేదు. అలా ఎవరూ ఎంచకుండానే అది ఆంబోతు అయింది.

మందలో తల్లి పాలు తాగిన దూడకు మనిషంటే భయం ఉంటుంది. సీసా పాలు తాగిన దూడకు మనిషి తనలాంటి పశువే. చిన్నప్పుడు ఆ పశువుతో ఆడుకుంటుంది. మూడో ఏట ఆ పశువును ఓడించాలని చూస్తుంది.

ఆ రోజు మొదటి రెండు ఆంబోతులు ఇబ్బంది పెట్టలేదు. భుజం పక్కన నిలబడితే ముందుకు కదిలాయి, వరస దారిలో నడిచి ఇనుప బోనులోకి వెళ్లాయి. చూట్ అంటారు దాన్ని. మూడోదాని దగ్గరికి వెళ్లాను. అది కదల్లేదు. తల తిప్పి నన్ను చూసింది. తర్వాత నిదానంగా పక్కకు తిరిగి ఒళ్లంతా అడ్డంగా నిలబెట్టింది. వీపు పైకి లేచింది. ఒక్క కన్ను నా మీదే ఉంది, అంచున తెల్లగుడ్డు కనబడుతోంది. ఇది నా ఒడ్డూ పొడుగూ, చూసుకో అని పశువు చెప్పే పద్ధతి అది.

బయటికి రమ్మని హోల్ట్ చాలా మెల్లగా చెప్పింది. ఆమె మెల్లగా మాట్లాడిందంటే భయపడిందని అర్థం. వీపు తిప్పకుండా నడిచి కంచె పైపులు పట్టుకుని ఎక్కాను. నాకు అరవై మూడేళ్లు, కుడి మోకాలు వంగదు. నేను అవతల పడేసరికి అది వచ్చి, నా కాలు ఆనిన పైపుకే నుదురు ఆనించి నొక్కింది. మూడంగుళాల ఇనుప పైపు మూలిగింది.

ఉమామహేశ్వరి రెండు అరటిపళ్లతో వచ్చింది. గేటు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఏరా, పెద్దవాళ్లను భయపెడతావా అని దాని చెవి మెలిపెట్టి, ముందు నడిచింది. అది వెనకే నడిచి చూట్‌లోకి వెళ్లింది.

గౌరీశంకర్ చప్పట్లు కొట్టాడు. "చూశారా పాపయ్య గారూ. మీ ట్వంటీ ఫోర్ ఇయర్స్ ఎక్స్‌పీరియెన్స్, ఆవిడ రెండు అరటిపళ్లు."

అందరూ నవ్వారు. నేను చూసింది వేరు. అది ఆమె వెనక నడవలేదు, ఆమెను తోలింది. రెండుసార్లు మూతితో నడుము మీద తోస్తే ఆమె తూలి, తొయ్యకురా అని నవ్వింది. రెండోసారి తోసినప్పుడు దాని తల దించి ఉంది.

చుట్టుకొలత నలభై ఒక్క సెంటీమీటర్లు. కదలిక బ్రహ్మాండంగా ఉందని హోల్ట్ చెప్పింది. నేను గౌరీశంకర్ దగ్గరికి వెళ్లాను.

"దీన్ని అమ్మేయండి డాక్టర్ గారూ. వచ్చే సోమవారం సంతకే."

"ఫెయిలయ్యాడా?"

"ఇంకా లెక్కపెట్టలేదు. మనిషిని తోస్తోంది."

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. మన ఊళ్లలో అచ్చోసిన ఆంబోతులు వీధుల్లో తిరిగేవి కదా, అంగళ్ల ముందు పడుకునేవి కదా, ఎవరినైనా పొడిచాయా అని అడిగాడు. పొడిచాయి. అయినా వాటికి ఊరంతా తిరగడానికి ఉంది, ఆవులున్నాయి, చిన్నప్పుడు తల్లి తన్నిన తన్నులున్నాయి. ఇదంతా చెప్పాను. మరొకటి కూడా చెప్పాను. రెండేళ్ల కిందట ఒక రైతు ఫోన్ ఎత్తడం లేదని వాళ్లావిడ పిలిస్తే హోల్టూ నేనూ వెళ్లాం. సీసా పాలతో పెంచిన ఆంబోతు దొడ్డిలో ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. దాణా బకెట్ ఇంకా చేతిలోనే ఉంది. ఛాతీ మాత్రం పలకలాగా ఉంది.

"అది కౌబాయ్ మెథడ్స్ వల్ల," అన్నాడు గౌరీశంకర్. "కొట్టి పెంచుతారు. మేం ప్రేమతో పెంచాం. దట్స్ ద డిఫరెన్స్."

ఉమామహేశ్వరి అంతా విని మెత్తగా అడిగింది. "నా చేతి పాలు తాగినవాడు నన్ను పొడుస్తాడా అన్నయ్య గారూ?"

"పొడుస్తుంది."

ఆమెకు కోపం వచ్చింది. దాని దగ్గరికి వెళ్లిపోయింది.

హోల్ట్ కూడా తన పద్ధతిలో చెప్పింది. కింద జాగ్రత్త అని ఒక ముక్క రాస్తానంది. తప్పకుండా రాయండి అన్నాడు గౌరీశంకర్, పెళ్లి పత్రిక మీద ఏదో రాయమన్నట్టు.

ట్రక్కు వెనక తలుపు దించి మైక్రోస్కోప్ పెట్టుకున్నాను. లెక్కపెట్టాను. ఎనభై ఆరు. మళ్లీ పెట్టాను. ఎనభై ఆరే. తల ఎత్తి చూస్తే, ఉమామహేశ్వరి చూట్ కమ్మీల మధ్య నుంచి చెయ్యి పెట్టి దాని నుదుట బొట్టు పెడుతోంది. మోచేతి దాకా చెయ్యి ఆ ఇనుప కమ్మీల్లో ఉంది. అది తల ఒక్కసారి విదిలిస్తే ఆ చెయ్యి పుల్లలా విరుగుతుంది.

ఆమె గురించి ఒక మాట చెప్పాలి. నాలుగేళ్ల కిందట రాధారాణికి ఎడమ చెయ్యి లాగింది. ఈసీజీ తీయించుకుంది. ఆ కాగితం ఫోటో తీసి గౌరీశంకర్‌కి పంపింది. అంతా నార్మల్, గ్యాస్ అయ్యుంటుంది అన్నాడు ఆయన. ఐదో రోజు వంటింట్లో పడిపోయింది, మళ్లీ లేవలేదు. నేను ఆయన్ని ఏమీ అనలేదు. ఆ తర్వాత ఆయన ఇంట్లో మంచినీళ్లు కూడా తాగలేదు. ఉమామహేశ్వరి మాత్రం నలభై రోజులు అన్నం తెచ్చింది. తలుపు తీయకపోతే మెట్ల మీద పెట్టి వెళ్లేది. ఒక్కరోజూ బెల్ రెండోసారి కొట్టలేదు. ఆ అన్నం మీదే బతికాను. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

ఫారం మీద నలభై మూడు అని రాశాను.

ఇరవై నాలుగేళ్లలో ఒక్క అంకె తప్పు రాయలేదు. ఈ దేశంలో ఫెయిలైన ఆంబోతును ఎవరూ ఉంచుకోరు, గడ్డి దండగ. సోమవారం సంతకు పోతుంది. రెండు వారాలు దాటి ఒక్కటి కూడా ఉండటం నేను చూడలేదు.

హోల్ట్ అంకె చూసి, నన్ను చూసింది. ఇంత కదలిక ఉండి ఇలా ఎందుకొచ్చిందో అంది. రెండు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయొచ్చు, కానీ సీజన్ అయిపోతుంది, ఎక్కువమంది అమ్మేస్తారు అని వాళ్లకు చెప్పి సంతకం చేసింది. పిల్లవాడి మార్కులు చూసినట్టు గౌరీశంకర్ మొహం వాడిపోయింది. ఉమామహేశ్వరి దాని గంగడోలు నిమిరి, పోనీలే నాయనా అంది.

ఆ మాట నాకు వినపడింది. అర్థం కాలేదు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిని పడుకున్నాను.

పన్నెండో రోజు పొద్దున ఏడింటికి గౌరీశంకర్ ఫోన్ చేశాడు. హుషారుగా ఉన్నాడు. ఆదివారం రాంచ్‌లో చిన్న పూజ ఉంది, మీరు రావాలి, మనసులో ఏమీ పెట్టుకోవద్దు అన్నాడు. ఏం పూజ అని అడిగాను.

"బసవడికి. బ్రీడింగ్‌కి పనికిరాడని మీరే అన్నారుగా. సో మందలోంచి తీసేసి ఫార్మ్‌హౌస్ పక్కనే వాడికి సెపరేట్‌గా కట్టించాం. వైట్ ఫెన్స్, చాలా బాగుంది. ఫుల్ రిటైర్మెంట్, నాలాగే. ఉమ టెన్ డేస్ నుంచి అక్కడే ఉంది. పొద్దున్నే వాడి దగ్గర కూర్చుని సహస్రనామం చదువుతుంది. వింటాడు, యూ నో."

ట్రక్కు తాళాలు చేతిలోకి తీసుకున్నాను.

ఈ దేశం రైతు ఏం చేస్తాడో అదే లెక్కేసుకున్నాను. పనికిరాని పశువును మనవాళ్లు ఏం చేస్తారో, మా నాయన ఏం చేసేవాడో లెక్కేసుకోలేదు. ముసలి ఎద్దును కటికవాడికి అమ్మనని ఇంటి వెనక కట్టేసుకుని చచ్చేదాకా మేపినవాడు మా నాయన. ఆంబోతు మందలో ఉంటే దాని పని దానికి ఉండేది, మనిషి గుర్తు వచ్చేది కాదు. నేను దాన్ని ఆవుల దగ్గర్నుంచి లాగేసి, ఒంటరిని చేసి, ఆమె గుమ్మంలో కట్టేశాను.

"ఆవిడకు ఫోన్ చేయండి," అన్నాను. "లోపలికి వెళ్లొద్దని చెప్పండి. ఇప్పుడే."

"మళ్లీ మొదలెట్టారా పాపయ్య గారూ. పూజ టైమ్‌లో ఫోన్ ఇంట్లో పెట్టేస్తుంది."

నేను ఉండే ఊరి నుంచి రాంచ్‌కి యాభై నిమిషాలు. హోల్ట్ ట్రక్కు నా దగ్గరే ఉంది. ఉమామహేశ్వరికి ఆరుసార్లు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. ఆ రైతు ఫోన్ కూడా మోగుతూనే ఉండింది. ఎర్ర దీపాల దగ్గర కాలు బ్రేక్ మీద నిలవలేదు. ఆమె మామూలుగానే ఉంటుంది, నన్ను చూసి నవ్వుతుంది, నేను పిచ్చివాడిలా నిలబడతాను అనుకున్నాను. అలా నిలబడితే చాలు అనుకున్నాను.

ముందు కనబడింది బోర్లా పడిన స్టీలు పళ్లెం. తర్వాత పూలు. తర్వాత ఆమె.

దూరంగా ఉన్న మూలలో కంచెకు వీపు ఆనించి నిలబడి ఉంది. పదడుగుల దూరంలో అది, అడ్డంగా తిరిగి, తల దించి ఉంది. ముందు కాలితో తవ్విన మట్టి దాని వీపు మీద పడి ఉంది. నన్ను చూసి ఆమె అరవలేదు. పెదవులు మాత్రం కదిపినట్టు మాట్లాడింది.

"వీడు ఇవాళ నన్ను పోనివ్వట్లేదు అన్నయ్య గారూ."

"ఎంతసేపటి నుంచి?"

"ఆరున్నర నుంచి. కూర్చుంటే దగ్గరికి వస్తున్నాడు. నిలబడితే ఆగుతున్నాడు."

అప్పటికి ఎనిమిది దాటింది. ఆమె చీర కుచ్చిళ్లు వణుకుతున్నాయి.

"కూర్చోకండి," అన్నాను. "దాని కళ్లలోకి చూడకండి. వీపు తిప్పకండి."

అందమైన కంచె అది. తెల్లటి ప్లాస్టిక్. ఆరడుగుల ఎత్తు, ఎక్కడా మనిషి దూరే సందు లేదు. పశువుల దొడ్డి కట్టేవాడు మనిషి తప్పించుకోవడానికి జానెడున్నర సందు వదులుతాడు. ఇది కట్టినవాడు ఇళ్ల చుట్టూ కట్టేవాడు. ఆంబోతు ఒక్క తోపు తోస్తే ఆ ప్లాస్టిక్ విరుగుతుంది. ఆ సంగతి దానికి తెలియదు. తోపుకూ కంచెకూ మధ్య ఆమె ఉంటుంది.

కంచె బయట నుంచి ఆమె మూల వైపు నడిచాను. నేను ఒక అడుగు వేస్తే అది ఆమె వైపు ఒక అడుగు వేసింది. మళ్లీ వేశాను. మళ్లీ వేసింది. ఆగిపోయాను. నేను వస్తున్నది దాని సొత్తు కోసం అనుకుంటోంది.

911కి చేసి చెప్పాను. ఇరవై ఐదు నిమిషాలన్నారు. ఆమె కాళ్లలో అంత సేపు లేదు.

ఆ దొడ్డికి రెండో గేటు మంద ఉండే మేత భూమిలోకి ఉంది. చలికాలమంతా ఈ పశువులకు దాణా ట్రక్కులో తెచ్చి పోస్తారు. తెచ్చినవాడు హారన్ కొడతాడు. టెక్సాస్ ఆవు ఆ హారన్‌కు వచ్చినట్టు దూడ పిలిస్తే కూడా రాదు. ట్రక్కు మెల్లగా వెనక్కి తీసి, మేత భూమిలోకి తిప్పి, రెండో గేటు పక్కన ఆపాను. గేటు గొలుసు తీసి, బార్లా తెరిచి, మళ్లీ ట్రక్కు ఎక్కాను. హారన్ మీద అరచెయ్యి పెట్టి నొక్కాను.

దూరంలో నల్లటి తలలు లేచాయి. మళ్లీ నొక్కాను. పరుగెత్తుకొచ్చాయి. నేల అదిరింది.

అది తల ఎత్తి చెవులు ఇటు తిప్పింది. ఆవుల వైపు చూసింది. ఆమె వైపు చూసింది. సరిగ్గా అప్పుడు ఆమె మోకాళ్లు వదిలేశాయి. కంచె మీదుగా జారి కూలబడింది.

అది మూడంగల్లో ఆమె మీద ఉంది. తలతో ఒక్కటి కొట్టింది. గోనెసంచి జారవిడిచిన చప్పుడు. ఆమె దొర్లింది. నేను హారన్ వదల్లేదు. దిగడానికి తలుపు మీద చెయ్యి వేశాను. దిగలేదు. దిగితే ఇద్దరం పోతాం అనుకున్నానా, భయపడ్డానా, ఇప్పుడు చెప్పలేను.

అది రెండో దెబ్బకు తల దించి, ఆగింది. ముక్కు గాల్లోకి ఎత్తి పై పెదవి మడిచింది. మందలో ఒక ఆవు ఎదకు వచ్చి ఉంది. అది ఆ వాసన. తల తిప్పుకుని, గేటులోంచి నడిచి, నా ట్రక్కు పక్కనుంచే వెళ్లిపోయింది. పరుగు కూడా కాదు. ఆమె బతికింది ఆ ఆవు వల్ల.

గేటు వేసి గొలుసు రెండు చుట్లు చుట్టాను. ఆమె ఎడమ చెయ్యి ఉండకూడని చోట వంగి ఉంది. ఊపిరి చిన్న చిన్న ముక్కలుగా తీస్తోంది. కదపకుండా పక్కన కూర్చున్నాను. అవతల అది ఆ ఆవు మీదికి ఎక్కింది. ఆమె కంచె సందులోంచి చూసింది.

"పనికిరానివాడన్నారుగా," అంది.

అప్పుడు చెప్పకుండా ఉండొచ్చు. ఎవరికీ తెలియదు. "నేనే అలా రాశాను," అన్నాను. "వందకు ఎనభై ఆరు ఉన్నాయి. నలభై మూడు అని రాశాను. ఫెయిలైతే అమ్మేస్తారనుకున్నాను."

ఆమె కంచె వైపు నుంచి తల నా వైపు తిప్పింది.

"ఫెయిలయ్యాడనే కదా ఇంటికి తెచ్చుకున్నాను. లేకపోతే ఆవుల్లో ఉండేవాడు."

"అవును."

"రాధ సంగతి మా ఆయన తెలియక చెప్పాడు అన్నయ్య గారూ. మీరు తెలిసి రాశారు."

ఆయన మీద నాకేముందో ఆమెకు తెలుసని నేనెప్పుడూ అనుకోలేదు. నాలుగేళ్లుగా తెలుసన్నమాట. ఆ అన్నం తెచ్చిన నలభై రోజులూ తెలుసు. అంబులెన్స్ చప్పుడు వినపడేదాకా ఇద్దరం ఆ ఆంబోతునే చూస్తూ ఉన్నాం.

మూడు పక్కటెముకలు, మోచెయ్యి విరిగాయి. ఆ సాయంత్రమే హోల్ట్‌కి చెప్పాను. ఆమె తిట్టలేదు. కొత్త ఫారం తీసి ఎనభై ఆరు వేసి, పాస్ అని సంతకం చేసింది. ట్రక్కు తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లమంది. పెట్టి వచ్చాను.

రెండు వారాల తర్వాత గౌరీశంకర్ మా ఇంటికి వచ్చాడు. కూర్చోమనలేదు. నిలబడే మాట్లాడాడు. ఆంబోతును పంపేస్తున్నాం, ఎక్కించడానికి ఎవరూ రావడం లేదు, మీరు రావాలి అన్నాడు. కొత్త కాగితం నా చేతిలో పెట్టాడు. ఫస్ట్ క్లాస్ రిపోర్ట్ ఉంది కదా, బ్రీడింగ్ బుల్‌గా ఎవరో మంచివాళ్లు కొనుక్కుంటారు, కనీసం బతుకుతాడు అన్నాడు. నన్ను తిట్టడానికి వచ్చి, కాగితం ఇచ్చి వెళ్లాడు. ఆయనకు తిట్టడం కూడా చేతకాదు.

సోమవారం పొద్దున ఎదకొచ్చిన మరో ఆవును ముందు నడిపి దాన్ని ట్రెయిలర్‌లోకి ఎక్కించాను. తలుపు వేసి వచ్చేసరికి ఉమామహేశ్వరి గౌరీశంకర్ ట్రక్కులో కూర్చుని ఉంది. చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో వేలాడుతోంది. గౌరీశంకర్ దిగమని బతిమాలాడు. ఆమె బెల్టు పెట్టమని నాకు సైగ చేసింది. పెట్టాను.

సంతకు నలభై నిమిషాలు. వెనక అది ట్రెయిలర్ గోడను కొడుతోంది. కొట్టినప్పుడల్లా ట్రక్కు పక్కకు ఊగింది, ఆమె మంచి చెయ్యి సీటును పట్టుకుంది.

సంత దగ్గర బళ్లు వరసలో ఉన్నాయి. మా వంతు వచ్చింది. సంత కిటికీలో రాసుకునే పిల్ల ఒకటే అడిగింది. బ్రీడింగ్ బుల్‌గా రాయమంటారా, పౌండ్ లెక్కనా. కాగితం నా చొక్కా జేబులో ఉంది.

ఉమామహేశ్వరి తెలుగులో అడిగింది. "పౌండ్ లెక్క అంటే?"

"కోతకి."

"కాగితం ఇస్తే?"

"ఎవరో కొంటారు. వాళ్ల దొడ్లో ఉంటుంది."

"దాని సంగతి మనం చెప్పొచ్చు కదా."

ఆమె దాన్ని వాడు అనకుండా అది అనడం అదే మొదటిసారి.

"చెప్పొచ్చు. వాళ్ల ముందు చెయ్యి నాకుతుంది. నేను చెబితే మీరు నమ్మారా?"

వెనక బండివాడు ఇంజన్ ఆపేశాడు. కిటికీలో పిల్ల పెన్ను పట్టుకుని చూస్తోంది.

"ఇది నా చేత చెప్పించాలనే తీసుకొచ్చారా?"

"మీరే ఎక్కారు."

ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో నాకు క్షమ లేదు. నేను అడగలేదు కూడా. గొంతు పెంచి, ఆ పిల్లకు వినపడేలా చెప్పింది.

"బై ద పౌండ్."

పిల్ల రాసుకుంది. ఒకతను పొడవాటి కర్రతో దాని తుంటి మీద నంబరు కాగితం అతికించాడు. ట్రెయిలర్ తలుపు తీశారు. అది దిగి, ఇనుప దారిలో నడిచి, మలుపు తిరిగింది. కనబడలేదు.

తిరిగి ఇంటిదారి పట్టాం. రోడ్డు మీద గతుకు వచ్చినప్పుడు ఖాళీ ట్రెయిలర్ ఇనుము ఢామ్మని మోగింది. ఆమె ఉలిక్కిపడి వెనక్కి చూసింది. నేనూ చూశాను. ఇల్లు చేరేలోపల మళ్లీ రెండుసార్లు మోగింది, రెండుసార్లూ చూశాం.